కెన్యా పర్వతం: నదుల ఖాతాలో మంచు వాటా ఎంత?

1849 డిసెంబరు 3న జర్మన్ మిషనరీ లుడ్విగ్ క్రాఫ్ తూర్పు ఆఫ్రికాలోని కిటుయి ప్రాంతం నుంచి ఒక పర్వతాన్ని చూశాడు. రెండు కొమ్ముల్లా పైకి లేచిన శిఖరాలు, వాటి మీద తెల్లగా ఏదో పదార్థం. ఈ సంగతి యూరప్ చేరితే కొందరు భూగోళ పండితులు నమ్మలేదు. అంతకు ఏడాది ముందు అతని సహచరుడు రెబ్‌మాన్ కిలిమంజారో మీద మంచు ఉందని రాసినప్పుడూ ఇదే తంతు. భూమధ్యరేఖ పక్కన మంచు ఏమిటని లండన్‌లో కూర్చుని వాదించినవాళ్లలో ఒక్కరూ ఆ పర్వతాన్ని చూసినవారు కాదు.

చివరికి గెలిచింది క్రాఫే. మంచు నిజంగానే ఉంది. అయితే అతను అక్కడితో ఆగలేదు. ఆ చుట్టుపక్కల మామూలు నదులు వానలకు పొంగి, వానలు పోగానే ఎండిపోతున్నాయి. ఈ పర్వతం నుంచీ, దగ్గరలోని ఇతర కొండల నుంచీ దిగివచ్చే ఏరులు మాత్రం ఎండల్లోనూ పారుతున్నాయి. వాన లేనప్పుడు నీరు వస్తోందంటే పైన ఏదో నిల్వ ఉండాలి, ఆ నిల్వ మంచే అయి ఉండాలి అని అతను తేల్చేశాడు. తెల్ల నైలు కూడా ఇక్కడే పుడుతోందని అనుకున్నాడు. నైలు సంగతి తప్పని తర్వాత తేలిపోయింది. మంచు సంగతి మాత్రం నూట డెబ్బై అయిదేళ్లు దాటినా వాడుకలో ఉంది.

క్రాఫ్ చూసినవి రెండూ నిజాలే. పర్వతం మీద మంచు ఉంది, కింద ఎండిపోని నదులు ఉన్నాయి. ఆ రెండింటినీ కలిపి వేసిన ముడి దగ్గరే తేడా వచ్చింది. ఇవాళ కెన్యా పర్వతం గురించి వచ్చే వార్తల్లో చాలావరకు ఆ ముడినే మళ్లీ మళ్లీ బిగిస్తున్నాయి. మంచు కరిగిపోతోంది కాబట్టి నదులు ఎండిపోతాయని శీర్షిక పెట్టి, పక్కన తెల్లటి శిఖరం ఫొటో వేస్తారు. ఫొటో నిజమే, నదులు తగ్గుతున్న మాటా నిజమే. మొదటిది రెండోదానికి కారణమన్న మాట మాత్రం లెక్కకు నిలవదు. ఆ తేడా చిన్నదని నేను అనుకోను. కారణం తప్పుగా చెప్పినప్పుడు బాధ్యత కూడా తప్పు గుమ్మంలోకి వెళుతుంది.

ముందు మంచు లెక్కే చూద్దాం. కెన్యా పర్వతం ఆఫ్రికాలో రెండో ఎత్తైన పర్వతం. ప్రధాన శిఖరం బాటియన్ ఎత్తు 5,199 మీటర్లు. ఎప్పుడో చల్లారిన అగ్నిపర్వతం, కోతకు గురై మిగిలిన దాని మెడ ఇది. 1899లో ఈ శిఖరాన్ని మొదటిసారి ఎక్కింది హాల్‌ఫోర్డ్ మాకిండర్ బృందం. భూగోళానికీ రాజకీయాలకూ లంకె వేస్తూ సిద్ధాంతాలు చెప్పిన మాకిండర్ ఈయనే. ఆ రోజుల్లో ఇక్కడ పద్దెనిమిది హిమానీనదాలు లెక్కకు వచ్చాయి. వాటిలో చాలా ఇప్పుడు పేర్లుగానే మిగిలాయి. ఉన్నవాటిలో పెద్దది లూయిస్ హిమానీనదం. 1934 నుంచి కొలతలు ఉన్న ఈ మంచు 2010 నాటికి తన ఘనపరిమాణంలో తొంభై శాతం కోల్పోయింది. అప్పటికి మిగిలిన విస్తీర్ణం చదరపు కిలోమీటరులో పదో వంతు. మొత్తం మంచు సుమారు పంతొమ్మిది లక్షల ఘనపు మీటర్లు.

వినడానికి పెద్ద అంకెలాగే ఉంది. దాన్ని నీటిగా మార్చి, మనకు అలవాటైన కొలతలో పెడితే 0.06 టీఎంసీ. టానా నది మీద ఉన్న మసింగా జలాశయం సామర్థ్యం దాదాపు 55 టీఎంసీలు. అంటే లూయిస్ మంచంతా ఒక్క పూటలో కరిగి మసింగాలోకి వచ్చినా, అది జలాశయంలో తొమ్మిది వందల్లో ఒక వంతు. ఇంకోలా చూడండి. 35 క్యూసెక్కుల చిన్న ఏటిని ఆ మంచు మొత్తంతో నడిపిస్తే ఇరవై రోజులకు అయిపోతుంది. అదీ ఒకే ఒక్కసారి, ఎందుకంటే ఇరవై ఒకటో రోజుకు హిమానీనదం ఉండదు.

దీని పక్కన వాన లెక్క పెట్టాలి. హిందూ మహాసముద్రం మీదుగా వచ్చే తేమగాలి ఈ పర్వతం ఆగ్నేయపు వాలుకు తగిలి పైకి లేచి చల్లబడుతుంది. ఆ అడవుల్లో ఏడాదికి రెండు మీటర్లకు పైగా వాన పడుతుంది. రెండు మీటర్ల వాన ఒక చదరపు కిలోమీటరు మీద పడితే ఇరవై లక్షల ఘనపు మీటర్లు. అంటే ఆఫ్రికా రెండో ఎత్తైన పర్వతం మీది అతిపెద్ద హిమానీనదంలో ఉన్న నీరు, దిగువ అడవిలో ఒక్క చదరపు కిలోమీటరు కన్నా తక్కువ నేల మీద ఏడాదిలో పడే వానతో సమానం. అక్కడ అడవి వందల చదరపు కిలోమీటర్లు ఉంది. శిఖరం మీద కురిసేది అడవి మీద కురిసేదాంట్లో సగం కూడా ఉండదు. ఎత్తు పెరిగేకొద్దీ వాన పెరుగుతుందని మనం అనుకుంటాం కానీ, గాలి తన తేమలో పెద్ద వాటాను నడుమ ఎత్తులోనే దించేసి పైకి వెళుతుంది.

మరి హిమాలయాల సంగతో, ఆల్ప్స్ సంగతో? అక్కడ మంచు నదుల్ని పోషించడం కట్టుకథ కాదు. తేడా ఋతువుల్లో ఉంది. అక్కడ చలికాలమంతా మంచు పడి నెలల తరబడి కదలకుండా ఉంటుంది, వేసవిలో కరిగి దిగుతుంది. అది ప్రకృతి కట్టిన జలాశయం. భూమధ్యరేఖ దగ్గర చలికాలమే లేదు. కెన్యా పర్వతం మీద రోజూ పగలు వేసవి, రోజూ రాత్రి శీతకాలం. తెల్లవారుజామున కురిసిన మంచు చాలాసార్లు మధ్యాహ్నానికి కరిగి నేలలోకి ఇంకిపోతుంది, కొంత నేరుగా ఆవిరైపోతుంది. నెలల తరబడి దాచుకోవడం దాని చేతుల్లో లేదు. హిమాలయాల కథను తెచ్చి ఇక్కడ అతికించడం వల్లనే ఈ గందరగోళం చాలావరకు మొదలైంది.

అయితే క్రాఫ్ అడిగిన ప్రశ్న మంచి ప్రశ్న. వాన లేని నెలల్లో నీరు ఎక్కడి నుంచి వస్తోంది? నిల్వ ఎక్కడో ఉండాలి కదా?

ఉంది. దాన్ని చూడాలంటే తల పైకెత్తనక్కర్లేదు, కాలి కింద చూడాలి. పడమటి వైపు నుంచి నారో మోరు దారిలో ఎక్కేవాళ్లకు అడవి దాటాక ఒక చోటు వస్తుంది. పర్వతారోహకులు దాన్ని నిలువు బురదగుంట అని వెక్కిరిస్తారు. బురద పల్లంలో కదా ఉండాలి, ఇక్కడ ఏటవాలు మీద ఉంది. గడ్డి దుబ్బులు మోకాలి ఎత్తున గుట్టలు గుట్టలుగా ఉంటాయి, వాటి మధ్య నల్లటి నేల. దుబ్బు మీద నుంచి దుబ్బు మీదికి గెంతుతూ పోవాలి. అడుగు తప్పితే బూటు చీలమండ దాకా దిగిపోతుంది, బయటికి లాగేటప్పుడు నేల చప్పరించినట్టు శబ్దం చేస్తుంది. తీసిన అడుగుజాడలోకి చుట్టూ నుంచి నీరు మెల్లగా ఊరుతుంది. వాన ఆగి వారమైనా ఊరుతుంది. నారో మోరు నది అంటే అదే, ఆ ఊటే. పై లోయలో లూయిస్, టిండాల్ హిమానీనదాల నుంచి కారే సన్నటి ధార దానికి తోడవుతుంది. అంత ఎత్తులో, ఆ పిల్ల వాగులో మంచునీటి వాటా చెప్పుకోదగ్గదే. కానీ కిందికి దిగేకొద్దీ ఊటలు వచ్చి చేరుతూనే ఉంటాయి. మైదానం చేరేసరికి ఆ నీటిలో మంచును వెతకడం సముద్రంలో ఉప్పు ఏ నదిదని అడగడమే.

ఆ ఎత్తులో బతికే మొక్కలు కూడా నీళ్ల కాపరులే. మనిషి కన్నా ఎత్తు పెరిగే సెనేసియో జాతి మొక్కలు ఎండిన ఆకులను రాల్చకుండా కాండానికి కోటులా చుట్టుకుంటాయి, కాండం లోపలి మెత్తటి భాగంలో నీరు దాచుకుంటాయి. రాత్రి చలికి ఆకులు ముడుచుకుని మొగ్గను కాపాడతాయి. ఒక రకం లోబేలియా తన ఆకుల గిన్నెలో నీరు పట్టి ఉంచుకుంటుంది. రాత్రి ఆ నీటి పైపొర గడ్డకట్టినా అడుగున మొగ్గ చెక్కుచెదరదు. వీటి వేళ్ల కింద అగ్నిపర్వతపు బూడిదతోనూ కుళ్లిన ఆకుతోనూ తయారైన గుల్ల నేల ఉంది. ఆ కింద పగుళ్లున్న లావా రాయి. ఇంకా కిందికి వస్తే వెదురు పొదలు, వాటి దిగువన దట్టమైన అడవి. అడవిలో వాన చినుకు నేరుగా నేలను కొట్టదు. ఆకు మీద పడి, కొమ్మ మీద జారి, నాచులో నాని, చివరికి మెత్తగా నేలలోకి దిగుతుంది. ఏప్రిల్ వాన జూలైలో ఊటగా బయటికి వస్తుంది. క్రాఫ్ వెతికిన నిల్వ ఈ నేలే. తెల్లగా లేదు కాబట్టి దూరం నుంచి కనిపించలేదు, అంతే.

ఇదంతా ఊహ అనుకునేవారికి పక్కనే పరీక్ష సిద్ధంగా ఉంది. కెన్యా పర్వతానికి పడమట అబర్‌డేర్ పర్వతశ్రేణి. ఎత్తు దాదాపు నాలుగు వేల మీటర్ల దగ్గర ఆగిపోతుంది. మంచు టోపీ లేదు, ఒక్క హిమానీనదమూ లేదు. అయినా అక్కడి నదులు ఏడాది పొడవునా పారతాయి. నైరోబీ నగరం తాగే నీటిలో ఎక్కువ భాగం ఆ కొండల నుంచే వస్తుంది. ఎండిపోని నదికి మంచు తప్పనిసరి అయితే నైరోబీ ఎప్పుడో ఖాళీ కావాలి. క్రాఫ్ తన రాతలో ‘ఇతర కొండల’ ఏరులు కూడా ఎండవని గమనించాడని పైన చెప్పాను. తన సిద్ధాంతాన్ని కూల్చే సాక్ష్యాన్ని తనే రాసిపెట్టుకుని పట్టించుకోకుండా ముందుకు వెళ్లాడన్నమాట. పండితులకు ఇది కొత్త జబ్బు కాదు.

ఈ రెండు పర్వతాల నడుమ న్యేరి ప్రాంతంలో పుట్టింది వంగారి మాథాయ్. 1977లో గ్రీన్ బెల్ట్ ఉద్యమం మొదలుపెట్టి, 2004లో నోబెల్ శాంతి బహుమతి అందుకున్న ఆమె, ఆ వేదిక మీద ఒక సెలయేటి గురించి చెప్పింది. చిన్నప్పుడు అమ్మ కోసం నీళ్లు తేవడానికి ఇంటి పక్కన ఏటికి వెళ్లేదట. కప్ప గుడ్ల వరసలు నీళ్లలో తేలుతుంటే పూసలనుకుని చేత్తో ఎత్తబోయేదట, అవి తెగిపోయేవట. యాభై ఏళ్ల తర్వాత ఆ ఏరు ఎండిపోయిందని, ఆడవాళ్లు నీళ్ల కోసం దూరాలు నడుస్తున్నారని చెప్పింది. ఆ ఏరు ఎండడానికి ఏ హిమానీనదమూ కరగలేదు. ఒడ్డున చెట్లు పోయాయి, నేల గట్టిపడింది, ఊట ఆగింది. మంచు గురించి మాట్లాడే వందల వ్యాసాల కన్నా ఆ కప్ప గుడ్ల ముక్కలోనే జలశాస్త్రం ఎక్కువ ఉంది.

ఇప్పుడు ఎవాసో న్యిరో సంగతికి వద్దాం, ఎందుకంటే నా ఫిర్యాదు అసలు ఇక్కడ మొదలవుతుంది. కెన్యా పర్వతం ఉత్తర, పశ్చిమ వాలుల నుంచీ అబర్‌డేర్ నుంచీ దిగే ఏరులు కలిసి ఈ నది అవుతాయి. గోధుమ రంగు నీటి నది అని ఆ పేరుకు అర్థం. లైకిపియా పీఠభూమి మీదుగా, సంబురు పశువుల కాపరుల నేల మీదుగా సాగి, సముద్రం చేరకుండానే లోరియన్ చిత్తడిలో ఇంకిపోతుంది. వానలు తక్కువగా పడే ఆ పొడి ప్రాంతంలో, ఎండాకాలపు నీరంతా దాదాపుగా పర్వతం దగ్గర నుంచి వచ్చేదే. ఆర్చర్స్ పోస్ట్ అనే చోట ఈ నదిని చాలాకాలంగా కొలుస్తున్నారు. అక్కడ ఫిబ్రవరి అంటే వానలు లేని నెల. 1960ల్లో ఫిబ్రవరి సగటు ప్రవాహం సుమారు 320 క్యూసెక్కులు. 1990లకు అది 35 క్యూసెక్కుల దగ్గరికి పడిపోయింది. కొన్ని ఏళ్లలో నది పడక ఇసుకగా మిగిలింది. ఏనుగులు ఇసుకను తవ్వి చెలమల్లో నీళ్లు తాగాయి.

ముప్పై ఏళ్లలో దాదాపు 285 క్యూసెక్కులు ఎక్కడికి పోయాయి? హిమానీనదం తగ్గినందుకు పోయాయని చెప్పడానికి లేదు. పైన చూశాం, లూయిస్ మంచు మొత్తం పోసినా అంత ప్రవాహం రెండున్నర రోజులు నడవదు. పైగా మంచు కరిగే కాలంలో నదికి నీరు కాస్త పెరగాలి కానీ తగ్గకూడదు, నిల్వలో ఉన్నది ఖర్చవుతోంది కాబట్టి. కరవు ఏళ్లు కొన్ని లెక్కలో వచ్చి ఉండవచ్చు, వాటి వాటా వాటిదే. కానీ పెద్ద పద్దు కాలువల్లోనూ పైపుల్లోనూ ఉంది.

ఆ పద్దుకు ఒక చరిత్ర ఉంది. వలస పాలనలో లైకిపియా మాసాయిలను 1911 ప్రాంతంలో ఖాళీ చేయించి ఆ నేలను తెల్ల రైతుల పశుక్షేత్రాలుగా మార్చారు. 1963లో స్వాతంత్ర్యం వచ్చాక వాటిలో చాలా ముక్కలై చిన్న రైతుల చేతికి వచ్చాయి. కిక్కిరిసిన కొండవాలుల నుంచి వచ్చిన ఆ రైతులకు తెలిసిన సేద్యం వానలు బాగా పడే నేల సేద్యం. వచ్చింది పొడి నేల మీదికి. ఏటి నుంచి పిల్లకాలువ తీయడం తప్ప దారి లేదు. ఆ తర్వాత నాన్యుకి, తిమావు చుట్టూ పెద్ద తోటలు వచ్చాయి. యూరప్ మార్కెట్లకు గులాబీలు, కూరగాయలు పండించే తోటలు. ఇవన్నీ నది నడుమలో కూర్చున్నాయి. వానలు లేని నెలల్లో నారో మోరు వంటి ఏరుల్లో ఉన్న నీటిలో అధిక భాగాన్ని మైదానం చేరక ముందే తోడేస్తున్నారు.

కాగితం మీద కెన్యా నీటి చట్టం బాగానే ఉంది. 2002 నాటి చట్టం నీటిని వాడుకునేవాళ్ల సంఘాలకు గుర్తింపు ఇచ్చింది, నది వెంట ఉన్నవాళ్లు కూర్చుని వంతులు వేసుకోవడానికి. నదిలో మామూలు ప్రవాహం తాగునీటికి, పశువులకు, నది బతకడానికి. సేద్యానికి తీసుకోవలసింది వరద నీటినే. వరద నీటిని పట్టి తొంభై రోజులకు సరిపడా నిల్వ చేసుకోవాలని కూడా నియమాల్లో ఉంది. పెద్ద తోటల్లో కొన్ని అలాంటి చెరువులు తవ్వించుకున్నాయి. ఎకరం రైతు ఎక్కడ తవ్విస్తాడు? ప్లాస్టిక్ పట్టా పరచడానికే అతని ఏడాది రాబడి చాలదు. దాంతో చట్టం చెప్పిన మంచి మాట డబ్బున్నవాడికి అనుమతిపత్రం అవుతోంది, లేనివాడికి రాత్రిపూట వేసే మోటారు అవుతోంది. ఎండలు ముదిరినప్పుడు దిగువ కాపరులు మందలను తోలుకుని ఎగువకు వస్తారు. అప్పుడు జరిగే గొడవలను పత్రికలు తెగల మధ్య పోరు అని రాస్తాయి. దాని మూలం చాలాసార్లు ఆరు అంగుళాల పైపు.

ఈ పైపు గురించి మాట్లాడటం కష్టం, మంచు గురించి మాట్లాడటం సులువు. మంచు కరిగితే తప్పు ఎక్కడో పొగ వదిలిన దేశాలది. అది నిజమే కూడా. అందుకే అది సభలకు, విరాళాల పత్రాలకు బాగా సరిపోతుంది, ఎవరి పేరూ చెప్పనక్కర్లేదు. అడవి సంగతి అలా కాదు. 1999లో కెన్యా వన్యప్రాణి సంస్థ ఈ పర్వతం అడవుల మీద విమానంలో తిరిగి సర్వే చేసింది. కర్పూర వృక్షాలు, సెడార్లు, అడవి ఆలివ్‌లు దొంగతనంగా నరికిన గుర్తులు, బొగ్గు బట్టీలు, నడి అడవిలో గంజాయి తోటలు కనిపించాయి. అడవి మధ్యలో గంజాయి ఎవరి అండ లేకుండా పెరగదు కదా. మరుసటి ఏడాది ఆ అడవుల కాపలాను అదే సంస్థకు అప్పగించారు, పరిస్థితి కొంత మెరుగుపడింది. 2018 ఫిబ్రవరిలో దేశమంతటా ప్రభుత్వ అడవుల్లో కలప నరకడాన్ని నిలిపివేశారు. 2023 జూలైలో అధ్యక్షుడు విలియం రూటో ఆ నిషేధాన్ని ఎత్తేశారు, వివాదం కోర్టుకెక్కింది. అదే ప్రభుత్వం 2032 నాటికి 1,500 కోట్ల చెట్లు నాటుతామని ప్రకటించింది. ఒక చేత్తో ఇచ్చి మరో చేత్తో తీసుకోవడానికి ఇంతకన్నా పెద్ద అంకె దొరకదు.

ఇక్కడ అడవి పక్షాన మాట్లాడే మాలాంటివాళ్లు కూడా ఒక విషయం ఒప్పుకోవాలి. చెట్టు నాటితే నీరు వస్తుందనడం మంచు కరిగితే నది ఎండుతుందనడం అంత అమాయకమైన మాటే. చెట్టు నీరు తాగుతుంది. వేగంగా పెరిగే నీలగిరి చెట్టు మరీ ఎక్కువ తాగుతుంది. కెన్యాలో టీ ఆరబెట్టడానికి, కరెంటు స్తంభాలకు ఇవి కావాలి కాబట్టి రైతులు ఏటి ఒడ్డున కూడా వేశారు. 2009లో అప్పటి పర్యావరణ మంత్రి జాన్ మిచుకి నీటి వనరుల పక్కనున్న నీలగిరి చెట్లను తీసేయమని ఆదేశించవలసి వచ్చింది. అడవిని కొట్టేస్తే ఏడాది మొత్తం మీద నదిలోకి వచ్చే నీరు పెరగడం కూడా సాధ్యమే. కాకపోతే అది ఏప్రిల్‌లో వరదగా వచ్చి, మట్టిని మోసుకుని పోతుంది, ఫిబ్రవరికి ఏమీ మిగలదు. కాబట్టి ఎంత నీరు అని కాదు, ఏ నెలలో నీరు అని అడగాలి. ఆ అడవి చేసే పని నీటిని తయారు చేయడం కన్నా దాని రాకను ఆలస్యం చేయడం. పాత అడవి, దాని కింది నేల కలిసి ఆ పని చేస్తాయి. వరుసల్లో నాటిన మొక్కలు ఆ పనికి రావడానికి తరాలు పడుతుంది, కొన్ని ఎప్పటికీ రావు.

ఆలస్యం చేయడం ఆగితే ఏమవుతుందో దక్షిణాన టానా నది చూపిస్తుంది. టానా దేశంలో పొడవైన నది. కెన్యా పర్వతం దక్షిణ, తూర్పు వాలులూ అబర్‌డేర్ తూర్పు వాలులూ దీనికి తల్లులు. దీని మీద కిందాకా వరసగా అయిదు విద్యుత్ కేంద్రాలు ఉన్నాయి. కిండరుమా 1968లో, చివరిదైన కియంబేరే 1988లో వచ్చాయి. వీటన్నిటికీ ఎగువన నీళ్లు పట్టి ఉంచేది 1981 నాటి మసింగా. దేశపు కరెంటులో ఒకప్పుడు సింహభాగం ఈ నదిదే. కొండవాలుల్లో నిలువుగా దున్నిన పొలాల మట్టి ఇప్పుడు ఆ జలాశయాల్లోకి దిగి పూడికగా పేరుకుంటోంది. ఇంకాస్త దగ్గరలో మ్వేయా ఉంది, కెన్యా వరి భోజనానికి ఇదే వాకిలి. 1950ల్లో వలస ప్రభుత్వం తిరుగుబాటుదారులని నిర్బంధించినవాళ్లతో కాలువలు తవ్వించి మొదలుపెట్టిన పథకం ఇది. పర్వతం నుంచి దిగే థిబా, న్యామిండి నదులే ఆ మళ్లకు ఆధారం. వరి రైతుకు పర్వతం అంటే పైనున్న తెలుపు కాదు, నాట్లు వేసే వారం కాలువ చివరిదాకా నీరు వచ్చిందా లేదా అన్నదే. పైన నిల్వ ఉండే గుణం తగ్గుతోంది కాబట్టే 2022లో థిబా మీద ఆనకట్ట పూర్తి చేసుకున్నారని నా అభిప్రాయం. నేల ఉచితంగా చేసిన పనిని ఇప్పుడు కాంక్రీటుకు జీతం ఇచ్చి చేయించుకుంటున్నారు.

దీనర్థం మంచు పోతే పోనీ అని కాదు. ప్రపంచ వాతావరణ సంస్థ 2021లో ఇచ్చిన నివేదిక ప్రకారం ఇదే తీరున సాగితే 2040ల నాటికి ఆఫ్రికా హిమానీనదాలు పూర్తిగా పోతాయి, కెన్యా పర్వతం అంతకు పదేళ్లు ముందే ఖాళీ అవుతుంది. మనుషుల వల్ల మంచు మొత్తం పోగొట్టుకున్న మొదటి పర్వతాల జాబితాలో అది చేరుతుంది. మంచు ఇక్కడ సాక్షి. నీళ్లిచ్చే తల్లి కాకపోయినా, జ్వరం ఎంతుందో చెప్పే కొలబద్ద. మంచును కరిగిస్తున్న వేడీ కరవే గడ్డిదుబ్బులనూ ఎండబెడుతున్నాయి. 2012 మార్చిలో పర్వతం పైభాగపు గడ్డి నేలల్లో రోజుల తరబడి మంటలు రేగాయి. నా దృష్టిలో ఆ మంటల రోజులు లూయిస్ హిమానీనదం పోగొట్టుకున్న దశాబ్దం కన్నా నదులకు ఎక్కువ నష్టం. కాలిన ఆ నల్ల నేలే కదా నీటిని పట్టి ఉంచేది. కిలిమంజారో మీద ఇదే జరిగింది. అక్కడ పొగమంచును పట్టి చుక్కలుగా దించే పై అడవి మంటల్లో పోవడం వల్ల తగ్గిన నీరు, కరిగిన మంచు వల్ల తగ్గినదాని కన్నా చాలా ఎక్కువని శాస్త్రవేత్తలు లెక్క తేల్చారు. పర్యాటకుల కెమెరాలు మాత్రం ఇప్పటికీ పైకే తిరిగి ఉన్నాయి.

మంచుకు ఇంకో విలువ కూడా ఉంది, క్యూసెక్కుల్లో పట్టనిది. కికుయు ప్రజలకు ఇది కిరిన్యాగా, వాళ్ల దేవుడు ఙాయ్ నివాసం. ఇళ్ల గుమ్మాలు పర్వతం వైపు పెట్టుకునేవారు. కాంబా ప్రజల పిలుపులో నిప్పుకోడి పోలిక ఉందంటారు, నలుపు మీద తెలుపు మచ్చలుగా కనిపించేది కనుక. ఆ పిలుపే క్రాఫ్ చెవిన పడి, పర్వతం పేరై, చివరికి ఒక దేశం పేరైంది. తెల్ల ఈకలు రాలిపోయిన నిప్పుకోడిని చూసి పెద్దవాళ్లు బాధపడటంలో అర్థం ఉంది. ఆ బాధకు జలశాస్త్రం ముసుగు వేయవలసిన పని లేదు.

మరికొన్నేళ్లకు లూయిస్ చివరి పలక కరిగినప్పుడు వార్తా సంస్థలు హెలికాప్టర్లు వేసుకుని వస్తాయి. ఆ రోజు నారో మోరు వంతెన దగ్గర నీరు ముందు రోజు ఎంత ఉందో ఇంచుమించు అంతే ఉంటుంది. ఆ ఏడాది ఫిబ్రవరిలో ఆర్చర్స్ పోస్ట్ కొలబద్ద మీద ఏ గీత తడుస్తుందన్నది అంతకుముందు నవంబరు వాన ఎంత పడింది, నిలువు బురదగుంట కాలకుండా ఉందా, నాన్యుకి పైన ఎన్ని మోటార్లు తిరుగుతున్నాయి అన్నదాన్ని బట్టి ఉంటుంది. ఆ మూడింటిలో రెండు కెన్యా చేతిలోనివే. వాటిని చూడటానికి హెలికాప్టర్ అక్కర్లేదు, నది గట్టు వెంట పైపులు లెక్కపెట్టుకుంటూ నడిస్తే చాలు.